సెలవురోజు గ్రాఫులో గోయి కారాదు
(తేదీలవారీ గ్రాఫులలో వారపు సెలవులను చూపు విధానము)

నార్పోలి, పద్మానగర్, కామత్‌ఘర్ ప్రాంతములలో స్థిరపడిన మన నేత కుటుంబములవారు ఇదివరకు షెడ్డు లెక్కలను చిట్టా పుస్తకములలో వ్రాసికొనెడివారు. ఇప్పుడు ఆ లెక్కలు చాలమట్టుకు కంప్యూటరులోనికి, చేతిఫోనులోనికి మారినవి. చదువుకొన్న పిల్లలు ఆ అంకెలనే గ్రాఫుగా గీసి ఇంటి పెద్దలకును, సేఠుకును, బ్యాంకువారికిని చూపుచున్నారు. నూరు వరుసల అంకెలు చెప్పలేని సంగతిని ఒక్క గీత చెప్పగలదు గనుక ఇది మెచ్చదగిన పనియే.

కాని రోజువారీ గ్రాఫు గీయబోయిన ప్రతివారికిని ఒక చిక్కు ఎదురగును. ఆరు దినములు గీత సమముగా నడచి, ఏడవనాడు అమాంతముగా అడుగునకు పడును. మరునాడు మరల పైకి లేచును. ఒక నెల గ్రాఫులో ఇట్టి గోతులు నాలుగైదు కనబడును. సాంచెల సంగతి తెలియనివారు దానిని చూచి, ఈ షెడ్డు పని నిలకడ లేనిదని తలచుటకు అవకాశము గలదు. నిజమునకు అది పని పడిపోవుట కాదు, వారపు సెలవు.

ఆ గోతులను పూడ్చుటకు మూడు మార్గములు వాడుకలో నున్నవి. కొందరు సెలవు తేదీలనే గ్రాఫునుండి తీసివేయుదురు. కొందరు సెలవునకు ముందటి చుక్కను తరువాతి చుక్కతో కలిపి గీత లాగుదురు. మరికొందరు సున్న వేసి ఊరకుందురు. ఈ మూడింటిలో ఏది సరియైనదని అడిగినచో, ఏ ఒక్కటియు అన్ని లెక్కలకు సరిపడదని మేము చెప్పుదుము. సెలవునాడు ఆ లెక్క ఏమైనది? నిజముగా సున్న అయినదా? అసలు లేకపోయినదా? ఉన్నది ఉన్నట్లే నిలిచి యున్నదా? ఈ ప్రశ్న వేసికొని, దాని జవాబును బట్టి గీత గీయవలెను. ఈ వ్యాసములో చెప్పదలచిన ముఖ్య విషయ మిదియే.

సెలవు లోపము కాదు

ముందుగా ఒక మాట. వారమునకొక దినము విశ్రాంతి యనునది ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. బొంబాయి బట్టల మిల్లులలో పూర్వము క్రమమైన వారపు సెలవు ఉండెడిది కాదు. 1884లో నారాయణ్ మేఘాజీ లోఖండే గారు కార్మికులను సమావేశపరచి, సుమారు 5,500 మంది సంతకములతో ఒక అర్జీ పంపించిరి. అందలి ముఖ్యమైన కోరికలలో ఆదివారపు సెలవు ఒకటి. ఆరు సంవత్సరముల ఆందోళన పిమ్మట, 1890 జూన్ 10వ తేదీన మిల్లు యజమానుల సంఘము ఆ సెలవునకు ఒప్పుకొనినది.

అంత కష్టముతో వచ్చిన దినమును గ్రాఫులో గోయిగా చూపినచో, హక్కు లోపముగా కనబడును. 31 దినముల నెలలో 26 పనిదినములుండి, ఒక నేతకాడు ఆ 26 దినములును తప్పక పనికి వచ్చినాడనుకొందము. హాజరును 31తో భాగించి చూపినచో నూటికి 84 అని వచ్చును. 26తో భాగించినచో నూటికి నూరు. మనిషి ఒక్కడే, పని ఒక్కటే. భాగించిన సంఖ్య మారుటచేత మంచి పనివాడు నాగాలు పెట్టువాని వలె కనబడుచున్నాడు. కావున ఇది కేవలము గీతల అందమునకు సంబంధించిన విషయము కాదు.

అచ్చులో సందు వంటిది

మన పనినుండియే ఒక పోలిక చెప్పుదుము. అచ్చులో సందులు సమదూరమున నుండును. పడుగు ఎక్కించునపుడు ఒక సందు ఖాళీగా విడిచినచో, బట్టలో ఆ మేర నిలువుగా సన్నని ఎడము కనబడును. చూచినవారికి ఇక్కడ పోగు లేదని తెలియును. అట్లుగాక, తరువాతి పోగును ఆ ఖాళీలోనికి జరుపుకొనుచు పోయినచో ఎడము కనబడదు. కాని అక్కడినుండి ప్రతి పోగును తన చోటు వదలి ఒక సందు జరుగును. చారల బట్టయైనచో చారల కొలత తప్పును.

గ్రాఫులోని అడ్డగీతయు ఇట్టిదే. దానిని రెండు విధములుగా ఏర్పరచవచ్చును. మొదటి దానిలో క్యాలెండరులోని ప్రతి దినమునకును సమానమైన చోటుండును. ఆ దినమున అంకె లేకున్నను చోటు మాత్రము ఉండును. దీనిని తేదీల గీత అందము. రెండవ దానిలో అంకె ఉన్న దినములనే ఒకదాని ప్రక్క నొకటి పేర్చుదురు. శనివారము ప్రక్కనే సోమవారము వచ్చి కూర్చుండును. దీనిని వరుస గీత అందము. కంప్యూటరులో మొదటి దానిని డేట్ యాక్సిస్ అనియు, రెండవ దానిని టెక్స్ట్ యాక్సిస్ అనియు అందురు.

కాలమును అడ్డముగాను, వర్తకపు మొత్తమును నిలువుగాను ఉంచి గీత గీయు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినవాడు విలియం ప్లేఫేర్ అను స్కాట్లండు దేశీయుడు. 1786లో ఆయన ఇంగ్లండు ఎగుమతి దిగుమతులను ఈ విధముగా గీసి పుస్తకముగా ప్రకటించినాడు. అవి సంవత్సరముల లెక్కలు గనుక ఆయనకు ఆదివారముల బెడద లేదు. రోజువారీ లెక్కలు గీయు మనకే ఈ చిక్కు వచ్చినది.

ఇక షెడ్డులో వచ్చు అంకెలను మూడు తెగలుగా విభజింపవచ్చును. అవి పని అంకెలు, ధర అంకెలు, నిలువ అంకెలు. ఒక్కొక్క తెగకు సెలవు ఒక్కొక్క అర్థము నిచ్చును.

మొదటి తెగ: పని అంకెలు

నేసిన మీటర్లు, చుట్టిన కండెలు, కాలిన కరెంటు యూనిట్లు ఈ తెగలోనివి. సెలవునాడు సాంచెలు నడువవు గనుక నేత జరుగలేదనుట నిజమే. అయినను సెలవునాటి గడిలో సున్న వేయవద్దని మా సలహా. సున్నను మరియొక అర్థమునకై కాపాడుకొనవలెను. పనిదినమైయుండి, కరెంటు పోవుటచేతనో, బీము రాకపోవుటచేతనో, సాంచె చెడి జాబరు దొరకకపోవుటచేతనో నేత సాగకపోయినచో ఆనాడు సున్న వేయవలెను. సెలవునాడు గడిని ఖాళీగా నుంచి ప్రక్కన సెలవు అని వ్రాయవలెను. రెండింటికిని సున్నయే వేసినచో, నెలాఖరున ఎన్ని దినములు మన ఇష్టముతో ఆగినామో, ఎన్ని దినములు ఇతర కారణములచేత ఆగవలసి వచ్చినదో తేలదు. కరెంటు గూర్చి గాని, బీము ఆలస్యమును గూర్చి గాని ఫిర్యాదు చేయదలచినవారికి ఈ తేడాయే ఆధారము.

పని అంకెలకు గీతకంటె నిలువు కడ్డీల గ్రాఫు మేలు. దినమున కొక కడ్డీ. సెలవునాడు కడ్డీ ఉండదు, చోటు మాత్రముండును. గీత లేదు గనుక గోయి పడదు, లేని నేతను ఉన్నట్లు కలుపుటయు జరుగదు. కావున పని అంకెలకు తేదీల గీతయే ఉంచి, కడ్డీలు నిలుపుడు.

సగటు తీయునపుడు మరింత జాగ్రత్త కావలెను. లెక్క సులభముగా నుండుటకు ఒక షెడ్డును ఊహించుకొందము. 24 సాంచెలు, సాంచెకు దినమునకు 50 మీటర్ల చొప్పున దినమునకు 1,200 మీటర్లు. ఆదివారము సెలవు. వారమునకు 7,200 మీటర్లు. దీనిని 6తో భాగించినచో 1,200, 7తో భాగించినచో సుమారు 1,029. రెండు సగటులును నిజమే. మొదటిది పనిదినపు సగటు, రెండవది క్యాలెండరు దినపు సగటు. వీనిని కలగలుపుటయే ప్రమాదము.

ఆ షెడ్డునకు 36,000 మీటర్ల ఆర్డరు వచ్చినదనుకొందము. 1,200తో భాగించగా 30 పనిదినములు. సోమవారము మొదలుపెట్టినచో, నడుమ నాలుగు ఆదివారములు పోగా, 34వ దినమైన శనివారమునకు సరుకు సిద్ధమగును. ఒకడు ఆ 30ని క్యాలెండరు దినములని తలచి 30వ నాటికి ఇచ్చెదనని మాట యిచ్చును. ఆనాటికి తయారైనది 26 దినముల నేత, అనగా 31,200 మీటర్లు. ఇంకను 4,800 మీటర్లు బాకీ. వ్యాపారి దగ్గర మాట పోవును. వేరొకడు 1,029తో భాగించి 35 అని తెచ్చి, వానిని పనిదినములని తలచి, ఆదివారములు మరల కలుపును. వానికి 40వ దినము వచ్చును. సెలవును రెండుమారులు లెక్కించుటచేత ఆరు దినములు ఎక్కువ చెప్పినాడు. ఆ ఆర్డరు ప్రక్క షెడ్డునకు పోవచ్చును. కావున సగటు వ్రాసిన ప్రతిచోటను అది ఏ దినపు సగటో వ్రాయుట తప్పనిసరి.

నెలలను పోల్చునపుడును ఇదే చిక్కు. 2026 క్యాలెండరు చూడుడు. ఫిబ్రవరిలో 28 దినములు, నాలుగు ఆదివారములు, నాలుగు శుక్రవారములు. ఏ దినము సెలవైనను 24 పనిదినములు. మార్చిలో ఆదివారములు ఐదు, శుక్రవారములు నాలుగు. పండుగలను ప్రక్కన పెట్టినచో, ఆదివారము సెలవిచ్చు షెడ్డునకు 26, శుక్రవారము సెలవిచ్చు షెడ్డునకు 27 పనిదినములు వచ్చును. దినమునకు 1,200 మీటర్ల చొప్పున ఫిబ్రవరిలో 28,800, మార్చిలో ఒక షెడ్డున 31,200, మరొక షెడ్డున 32,400. సాంచెల వేగము పెరుగలేదు, పనివాడు మారలేదు. పెరిగినది దినముల సంఖ్య మాత్రమే. నెలల గ్రాఫులో మొత్తముతోపాటు పనిదినమునకు ఎంత వచ్చినదో కూడ చూపినచో ఈ భ్రమ తొలగును.

గీతయే కావలెననువారు ఏడు దినముల చలన సగటును గీయవచ్చును. అనగా ఏనాటి చుక్కకైనను ఆనాటిదియు, దానికి ముందటి ఆరు దినములదియు కలిపిన నేతను 7తో భాగించుట. ఏ ఏడు దినములు తీసికొన్నను అందులో వారపు సెలవు ఒక్కటే ఉండును గనుక గోయి మాయమై, అసలు హెచ్చుతగ్గులు కనబడును. 2020లో కరోనా కేసుల గ్రాఫులను ప్రపంచమంతట పత్రికలవారు ఈ విధముగనే గీసిరి. శని, ఆదివారములలో పరీక్షలు తగ్గి సోమ, మంగళవారములలో పెరుగుటచేత రోజువారీ గీత అలలవలె ఊగెడిది. ఏడు దినముల సగటు ఆ ఊపును సరిచేసినది.

రెండవ తెగ: ధర అంకెలు

పత్తి ధర, నూలు ధర ఈ తెగలోనివి. బజారు మూసిన నాడు ధర సున్న కాదు. ఆనాడు అమ్మకము లేదు గనుక ధరయే లేదు. ఇక్కడ సున్న వేసినచో గ్రాఫు పూర్తిగా అబద్ధమాడును.

ముంబయిలోని మల్టీ కమోడిటీ ఎక్స్చేంజిలో పత్తి వాయిదా వ్యాపారము సోమవారమునుండి శుక్రవారమువరకు సాగును. ఉదాహరణకు శుక్రవారము క్యాండీ ధర 54,000 రూపాయలు, సోమవారము 54,900 అనుకొందము. తేదీల గీతపై ఈ రెండు చుక్కలను కలిపినచో, గీత శనివారము 54,300 మీదుగాను, ఆదివారము 54,600 మీదుగాను పోవును. ఆ ధరలకు ఎవరును కొనలేదు, ఎవరును అమ్మలేదు. పైగా 900 రూపాయలు ఒక్కసారిగా ఎగిరిన సంగతి మెల్లని ఏటవాలువలె కనబడును. శనివారము కొంత తక్కువకు దొరికియుండెడిదని ఇంటివారు చింతించుటకును అది కారణము కాగలదు.

కావున బజారు ధరల గ్రాఫునకు వరుస గీత తగినది. బజారు తెరచిన దినములనే పేర్చినచో శుక్రవారము ప్రక్కన సోమవారము నిలుచును. ఎగిరిన ధర ఎగిరినట్లే కనబడును. అయితే రెండు బజారుల ధరలను ఒకే గ్రాఫులో చూపునపుడు ఈ పద్ధతి పనికిరాదు. స్థానికముగా నూలు వ్యాపారి శనివారము కూడ రేటు చెప్పవచ్చును. ఒకదానికి వారమునకు ఐదు అంకెలు, మరొకదానికి ఆరు. వేరువేరుగా వరుస పేర్చినచో కొన్ని వారములకే ఒకరి సోమవారము మరొకరి బుధవారము క్రిందికి వచ్చును. అట్టి సమయమున తేదీల గీత ఉంచి, గీతలు కలుపక చుక్కలు మాత్రము పెట్టుట మేలు.

మూడవ తెగ: నిలువ అంకెలు

గోదాములోని నూలు, మడతపెట్టిన బట్ట, అప్పు నిలువ ఈ తెగలోనివి. శనివారము సాయంత్రము 800 కిలోల నూలున్నచో ఆదివారము కూడ 800 కిలోలే యుండును. చిట్టాలో వ్రాయలేదు గనుక లేదనుకొనరాదు. చేనేత సహకార సంఘములలో నూలు నిలువ పుస్తకము వ్రాయు మావంటివారికి ఇది బాగుగా తెలిసిన సంగతి. తనిఖీదారు సెలవు మరునాడు వచ్చినను ముందటి నిలువనే మొదట అడుగును. కావున నిలువ గ్రాఫులలో సెలవునాడు ముందటి దినపు అంకెనే కొనసాగించవలెను. గీత మెట్టువలె సమముగా సాగి, సరుకు కదలిన నాడే దిగుటో, ఎక్కుటో జరుగును.

అప్పు విషయములో దీనిని మరువరాదు. బ్యాంకు వడ్డీ రోజువారీ నిలువపై లెక్కింపబడును. ఉదాహరణకు రెండు లక్షల రూపాయల నిలువపై సాలుకు నూటికి 12 చొప్పున దినమునకు సుమారు 66 రూపాయలు. ఆదివారము సాంచె ఆగును, బజారు ఆగును, బ్యాంకు తలుపును మూయుదురు. సెలవు లేనిది వడ్డీకే. శనివారములను, ఆదివారములను తీసివేసిన గ్రాఫు చూచి వడ్డీ అంచనా వేసినవారికి ఏడింట రెండు పాళ్లు తక్కువ వచ్చును.

వాయిదా లెక్కకు సెలవు లేదు

సరుకు ఇచ్చి డబ్బుకై ఎదురుచూచు దినములును ఇట్టివే. 2006లో వచ్చిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టములోని 15వ సెక్షను ప్రకారము, సూక్ష్మ, చిన్న సంస్థలనుండి సరుకు గాని సేవ గాని పొందినవారు వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్న గడువులో డబ్బు చెల్లించవలెను. ఆ గడువు 45 దినములకు మించరాదు. వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనిచో 15 దినములలో చెల్లించవలెను. గడువు దాటినచో 16వ సెక్షను క్రింద రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడు రెట్ల చొప్పున, నెలనెలకు చక్రవడ్డీ కట్టవలసియుండును. 2020 జూలై 1వ తేదీనుండి ఇట్టి సంస్థల నమోదు ఉద్యమ్ పద్ధతిలో జరుగుచున్నది.

చట్టములో ఉన్నది దినములు అను మాట. పనిదినములు అని లేదు. ఏప్రిల్ 1వ తేదీన సరుకు ఒప్పుకొన్నచో 45 దినములకు మే 16 వచ్చును. ఎవరైనను వారమునకు ఆరు దినముల చొప్పున లెక్కించినచో 45 పనిదినములకు 52 దినములు పట్టును, మే 23 వచ్చును. మన సొమ్ము ఒక వారము ఊరక ఆగిపోవును. కావున బాకీల గ్రాఫులో ఒక్క తేదీ కూడ తీసివేయరాదు. ధరలకు పనికివచ్చిన వరుస గీత ఇక్కడ నష్టము తెచ్చును.

ఏ దినము సెలవు?

కంప్యూటరునకు తెలిసిన వారాంతము శని, ఆదివారములు. మన వారాంతము అదియే కానక్కరలేదు. ఒక షెడ్డునకు శుక్రవారము, మరొకదానికి ఆదివారము సెలవై యుండవచ్చును. బ్యాంకులకు 2015 సెప్టెంబరు 1వ తేదీనుండి రెండవ, నాల్గవ శనివారములు సెలవు. స్వస్థలమున చేమగ్గము నేయువారిలో అమావాస్యనాడు మగ్గము ఆపు ఇండ్లు కలవు. అమావాస్య ఏ వారము పడునో పంచాంగము చూచిన గాని తెలియదు. బతుకమ్మ, దసరాలకు ఊరికి పోయినవారి షెడ్డులో వారముపైన ఖాళీ యుండును.

పైగా సెలవు దినమని పేరుపడిన నాడు పని జరుగుటయు గలదు. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి పెద్దనోట్ల రద్దు ప్రకటించిన పిదప, నవంబరు 12, 13 తేదీలలో, అనగా రెండవ శనివారమును, ఆదివారమును, బ్యాంకులు తెరచియుంచిరి. 2025 ఫిబ్రవరి 1వ తేదీ శనివారమైనను, కేంద్ర బడ్జెట్టు దినమగుటచేత షేరు బజారులు పనిచేసినవి. శని, ఆదివారములను గుడ్డిగా తీసివేయు పద్ధతి పెట్టుకొన్నచో ఇట్టి దినముల నిజమైన లెక్కలు కూడ పోవును. కావున వారము పేరు చూచి తీసివేయక, మన షెడ్డు సెలవుల పట్టిక ఒకటి సాలు ఆరంభముననే వ్రాసికొని, దానిని బట్టి నడచుకొనవలెను.

పొడుగు ఖాళీలను దాచరాదు

వారపు సెలవు వేరు, పని నిలిచిపోయిన కాలము వేరు. 1982 జనవరి 18వ తేదీన డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వమున బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలైనది. రెండు లక్షలకు పైగా కార్మికులు పాల్గొనిన ఆ సమ్మె ఏడాదికి పైగా సాగినది. మిల్లుల బట్ట తగ్గగా భివండీ సాంచెలకు పని పెరిగినది. అట్టి కాలమునకు ఒక మిల్లు రోజువారీ గ్రాఫును వరుస గీతపై గీసినచో, సమ్మెకు ముందటి దినము ప్రక్కనే మరల తెరచిన దినము నిలుచును. వేలాది కుటుంబములు పస్తులున్న కాలము రెండు చుక్కల నడుమ మాయమగును. 2020 మార్చి 25న మొదలైన దేశవ్యాప్త లాక్‌డౌనులో నార్పోలి సాంచెల చప్పుడు ఆగిపోయిన దినములును అట్లే మాయమగును.

మూడు దినములకు మించిన ఖాళీ ఏదైనను, అది ధరల గ్రాఫైనను సరే, కనబడునట్లు విడిచి, దాని క్రింద కారణము రెండు మాటలలో వ్రాయవలెనని మేము సలహా ఇచ్చుచున్నాము. లాక్‌డౌను, దసరా, సమ్మె, కరెంటు లేదు, ఈ పాటి మాటలు చాలును.

కంప్యూటరులో చేయు విధము

ఎక్సెల్‌లో తేదీలు గల గ్రాఫు గీసినచో అది తనంతట తానే తేదీల గీతను ఎంచుకొనును. అంకెలు లేని తేదీలకు కూడ చోటు విడుచును. వరుస గీత కావలసినవారు అడ్డగీతపై నొక్కి, ఫార్మాట్ యాక్సిస్‌లో టెక్స్ట్ యాక్సిస్ అనుదానిని ఎంచుకొనవలెను. మరల తేదీల గీత కావలెనన్నచో అక్కడనే డేట్ యాక్సిస్ ఉన్నది.

ఖాళీ గడుల సంగతి సెలెక్ట్ డేటాలో హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్ అను బొత్తాము క్రింద నుండును. అచ్చట మూడు ఎంపికలు కలవు. ఖాళీగా విడుచుట, సున్నగా చూపుట, గీతతో కలుపుట. పని అంకెలకును, పొడుగు ఖాళీలకును మొదటిదియే తగును. నిలువ అంకెలకు ఈ మూడును వద్దు, ముందటి అంకెను గడిలోనే వ్రాయుడు.

పనిదినములు లెక్కించుటకు నెట్‌వర్క్‌డేస్ డాట్ ఇంటల్ అను సూత్రము గలదు. దీనికి మొదటి తేదీ, చివరి తేదీ, వారపు సెలవు సంఖ్య ఇయ్యవలెను. ఆదివారము ఒక్కటే సెలవైనచో 11, శుక్రవారము ఒక్కటే అయినచో 16 వేయుడు. ఏదియు వేయనిచో అది శని, ఆదివారములు రెండును సెలవని తలచును. నాల్గవదిగా మన సెలవుల పట్టికను చూపినచో అమావాస్యలు, పండుగలు కూడ తీసి లెక్క చెప్పును.

తేదీలు వ్రాయునపుడు ఒక జాగ్రత్త. కొన్ని యంత్రములలో నెల ముందు, దినము తరువాత వచ్చు అమెరికా పద్ధతి యుండును. అందు 3-4 అని వ్రాసినచో ఏప్రిల్ 3 కాక మార్చి 4 అగును. అప్పుడు గ్రాఫులో లేనిపోని ఖాళీలు పుట్టును. నెల పేరును అక్షరములలో వ్రాసినచో ఈ బాధ తప్పును.

కంప్యూటరు లేనివారు గ్రాఫు కాగితముపై ఒక గడికి ఒక దినము చొప్పున గీయవచ్చును. సెలవుగడిని పెన్సిలుతో పలుచగా నలుపుడు. అదియే చాలును.

చివరకు గుర్తుంచుకొనవలసినది ఇంతే. పని అంకెలకు తేదీల గీత, కడ్డీలు, సెలవుగడి ఖాళీ, ఆగిన నాడు సున్న. ధరలకు బజారు తెరచిన దినముల వరుస. నిలువలకు ముందటి అంకె కొనసాగింపు. అప్పులకు, బాకీలకు ప్రతి తేదీయు లెక్కయే. గ్రాఫు క్రింద సెలవు ఏ దినమో, సగటు ఏ దినములదో ఒక్క వాక్యము వ్రాయుడు.

చిట్టా వ్రాయు తల్లిదండ్రులును, గ్రాఫు గీయు పిల్లలును ఒకమారు కలిసి కూర్చుండి, తమ షెడ్డు లెక్కలలో ఏది ఏ తెగకు చెందునో తేల్చుకొందురుగాక. సెలవు ఏనాడో, నాగా ఏనాడో, కరెంటు లేని దినము ఏదో పెద్దలకు తెలియును. గీత గీయుట పిల్లలకు తెలియును. ఇద్దరి తెలివియు కలిసిననే ఆ కాగితము బ్యాంకువారి ముందైనను, సేఠు ముందైనను నిజము చెప్పునని మా మనవి.

— కార్యదర్శి, చేనేత సహకార సంఘము